ప్లేస్కూల్ మూసేస్తున్నారా? నోటీసు పీరియడ్, కట్టిన ఫీజు సంగతి ఇలా తేల్చుకోండి

“బిల్డింగ్ ఓనరు ఖాళీ చేయమన్నారు. నెలాఖరు నుంచి స్కూల్ ఉండదు. పేరెంట్స్ సహకరించగలరు.” క్లాసు వాట్సాప్ గ్రూపులో ఇలా రెండు లైన్లు పడతాయి, కింద చేతులు జోడించిన బొమ్మ ఒకటి. ఏడాది ఫీజు మొత్తం జూన్‌లోనే కట్టేసినవాళ్లకి ఆ పూట అన్నం సహించదు. ఆ తర్వాత అందరూ అడిగేవి దాదాపు ఇవే: వాళ్లు మాకు ముందే చెప్పనక్కర్లేదా? మిగిలిన నెలల డబ్బు ఇస్తారా? ఇప్పుడే పాపని మానిపిస్తే నెల నోటీసు ఫీజు మేమే కట్టాలా? ఇవ్వనంటే ఎక్కడికెళ్లాలి?

తిరుపతి, చిత్తూరు వాళ్లని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ప్లేస్కూల్, నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ, డే కేర్ అన్నింటికీ పద్ధతి ఇదే.

ముందు ఒక్క మాట. గేటు తెరిచి ఉన్నన్నాళ్లే మీ మాటకి బలం. తాళం పడ్డాక డబ్బు రాదని కాదు గానీ, పది రోజుల్లో అయ్యే పని పది నెలలకి పోతుంది. అందుకే కింద చెప్పిన మొదటి ఆరు పనులూ, ఎనిమిదోదైన బిడ్డ కాగితాల పనీ మూసే తేదీ లోపలే అయిపోవాలి.

చట్టం గురించి ఇంతే తెలిస్తే చాలు. స్కూల్ యజమాని తన ఇష్టంతో మూసేస్తే ఒప్పందం తప్పినట్టు, దానికి నష్టపరిహారం ఇవ్వాలి (1872 కాంట్రాక్టు చట్టం, 73వ సెక్షన్). తన చేతిలో లేని కారణంతో నడపడం అసాధ్యమైపోతే, తీసుకున్నదాన్ని తిరిగివ్వాలి (అదే చట్టం, 65వ సెక్షన్). అంటే “మా తప్పేం లేదు, ఓనరు ఖాళీ చేయించాడు” అన్నంత మాత్రాన చదువు చెప్పని నెలల ఫీజు వాళ్లది అయిపోదు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఫీజు రశీదులు అన్నీ. రశీదు ఇవ్వకపోతే యూపీఐ, బ్యాంకు స్టేట్‌మెంట్
- మీరు సంతకం పెట్టిన అడ్మిషన్ ఫారం. కాపీ లేకపోతే ఇవాళే వెళ్లి ఫోటో తీసుకోండి
- ఫీజు వివరాలున్న కాగితం లేదా బ్రోచర్
- మూసేస్తున్నామన్న మెసేజ్ స్క్రీన్‌షాట్, తేదీ, పంపినవాళ్ల నంబరు కనపడేలా
- ముందు తేదీలేసి ఇచ్చిన చెక్కులుంటే వాటి నంబర్లు, ఈఎంఐ తీసుకుని ఉంటే లోన్ కాగితాలు

1. మెసేజ్‌ని ఆ రోజే దాచండి

గ్రూపు అడ్మిన్ స్కూల్ వాళ్లే. కాసేపటికి ఆ మెసేజ్ డిలీట్ కావచ్చు, మిమ్మల్నే గ్రూపులోంచి తీసేయొచ్చు. స్క్రీన్‌షాట్ తీశాక చాట్‌ని ఎక్స్‌పోర్ట్ చేసి మీ మెయిల్‌కి పంపుకోండి. నోటిమాటగా చెప్పి ఉంటే మీరే ఒక మెసేజ్ పెట్టండి: “మేడం, ఫలానా తేదీ నుంచి స్కూల్ మూసేస్తున్నట్టు ఈరోజు చెప్పారు, కరెక్టేనా?” అవునని ఒక్క మాట వచ్చినా చాలు, అదే కాగితం.

పనిలో పనిగా, తల్లిదండ్రులు మాత్రమే ఉండే గ్రూపు వేరేగా పెట్టుకోండి.

2. ఫారంలో నోటీసు షరతు ఎవరి గురించో చూడండి

చాలా ఫారాల్లో వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉంటుంది: “పిల్లల్ని మానిపించాలంటే నెల రోజుల ముందు రాతపూర్వకంగా తెలపాలి, లేకపోతే ఒక నెల ఫీజు చెల్లించాలి.” ఈ షరతు మీరు మానిపించే సందర్భానికి రాసింది. వాళ్లు మూసేస్తే మీరు మానిపించినట్టు కాదు. “కట్టిన ఫీజు తిరిగి ఇవ్వబడదు” అన్న లైన్‌ని కూడా ఇలాగే చదవాలి. మీ ఇష్టంతో మానేస్తే దాని సంగతి వేరు, వాళ్లే చదువు చెప్పలేనప్పుడు ఆ లైన్ చూపించి డబ్బు ఉంచుకోవడం కుదరదు.

చిక్కు వచ్చేది మధ్యలో. డిసెంబరులో మూస్తామని అక్టోబరులో చెప్పారు, మీకు వేరేచోట సీటు ఇప్పుడే దొరికింది అనుకోండి. స్కూల్ ఇంకా నడుస్తుండగా మీరే తీసేస్తే, నెల నోటీసు అడిగే వీలు వాళ్లకి కొంత ఉంటుంది. అందుకని నోటితో చెప్పి మానిపించొద్దు. “మీరు మూసేస్తున్నందువల్ల వేరే స్కూల్లో చేరుస్తున్నాం, నోటీసు ఫీజు వద్దని రాసివ్వండి” అని ఆ రోజే రాయండి. సగం మంది పిల్లలు వెళ్లిపోయిన స్కూల్లో ఈ మాట తేలిగ్గానే ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే మహా అయితే ఆ ఒక్క నెల ఫీజు లెక్కలో తగ్గుతుంది, ఆ కారణంగా మంచి సీటు వదులుకోకండి.

స్కూల్ మీకు ఎన్నాళ్ల ముందు చెప్పాలన్నది ఫారంలో ఉంటే అది కూడా గుర్తు పెట్టుకోండి. ఉండకపోవడమే ఎక్కువ. మన నోటీసు గురించి పేరా రాసినవాళ్లు వాళ్ల నోటీసు గురించి లైన్ కూడా రాయరు.

3. డబ్బు ఎవరి పేరుకి వెళ్లిందో పట్టుకోండి

బోర్డు మీద ఉండే పేరు బ్రాండ్‌ది. మీ డబ్బు తీసుకున్నది దాన్ని ఫ్రాంచైజీగా నడిపే మనిషో, ట్రస్టో, సొసైటీనో. రేపు నోటీసు ఆ పేరు మీదే పంపాలి. ఎలా తెలుస్తుందంటే:

- యూపీఐ యాప్‌లో పాత చెల్లింపు తెరవండి. అవతలి ఖాతాదారుకి బ్యాంకులో ఉన్న పేరు అక్కడ ఉంటుంది.
- చెక్కు ఇచ్చి ఉంటే ఎవరి పేరున రాశారో చూడండి.
- రశీదు మీద జీఎస్టీ నంబరు ఉంటే జీఎస్టీ పోర్టల్‌లో వెతకండి. చట్టబద్ధమైన పేరు ఉచితంగా కనపడుతుంది. నర్సరీ చదువుకి జీఎస్టీ లేదు కాబట్టి ఇది ఎక్కువగా డే కేర్ బిల్లుల్లోనే దొరుకుతుంది.
- బిల్డింగ్ ఓనరుని కలవండి. అద్దె అగ్రిమెంటు ఎవరితో ఉందో, అడ్వాన్సు తిరిగిచ్చేశాడో లేదో ఆయనకే తెలుసు. నిజంగా ఆయనే ఖాళీ చేయమన్నాడా అన్నదీ అక్కడే తేలిపోతుంది.

ఫ్రాంచైజీ అయితే బ్రాండ్ హెడ్ ఆఫీసుకీ కాపీ పంపండి. డబ్బు మేం తీసుకోలేదని వాళ్లంటారు, అనుకోండి. ఊళ్లో పేరు పోతుందన్న భయంతో ఫ్రాంచైజీ మీద ఒత్తిడి పెట్టేదీ వాళ్లే.

4. లెక్క వేయండి

జనం ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. “ఎంతో కొంత ఇవ్వండి మేడం” అని అడిగితే ఆ ఎంతో కొంతే వస్తుంది. పైసలతో సహా అంకె మీ చేతిలో ఉండాలి.

ఉదాహరణకి ఒక ఇంటి లెక్క చూద్దాం. జూన్‌లో మొత్తం 42,000 కట్టారు. అందులో అడ్మిషన్ ఫీజు 5,000, జూన్ నుంచి మార్చి దాకా పది నెలల ట్యూషన్ ఫీజు 30,000, యూనిఫాం 2,000, రెండు టర్ముల పుస్తకాలు 2,000, డిపాజిట్ 3,000. ఇవి కాక నవంబరు డే కేర్‌కి ముందుగానే 3,000 ఇచ్చారు. స్కూల్ అక్టోబరు 31న మూతపడుతుంది.

- ట్యూషన్: మిగిలిన అయిదు నెలలు × 3,000 = 15,000
- డిపాజిట్: మొత్తం 3,000
- అందని రెండో టర్ము పుస్తకాలు: 1,000
- నవంబరు డే కేర్: 3,000
- అడ్మిషన్ ఫీజులో సగం: 2,500
- మొత్తం: 24,500

యూనిఫాం వేసుకున్నారు, అది పోయినట్టే. అడ్మిషన్ ఫీజు బేరానికి వదిలే అంశం. సగం ఏడాదే నడిపారు కాబట్టి సగం అడగడం న్యాయమే, కానీ చివర్లో దేన్నైనా వదులుకోవాల్సి వస్తే దాన్నే వదలండి. డిపాజిట్ దగ్గర మాత్రం ఒక్క రూపాయి తగ్గొద్దు. అది ఫీజే కాదు, మీ డబ్బు వాళ్ల దగ్గర దాచినట్టు.

నెల మధ్యలో మూస్తే రోజుల లెక్క వేయండి. అక్టోబరు 12 చివరి రోజైతే 31లో 19 రోజులు మిగిలాయి. 3,000కి 1,839 రూపాయలు.

స్కూల్ వాళ్లు చెప్పే లెక్కలో రెండు మెలికలు చూసుకోండి. ఒకటి, దసరా, సంక్రాంతి సెలవులు తీసేసి “పనిదినాల” లెక్క కట్టడం. ఫీజు తీసుకున్నప్పుడు సెలవుల నెలకీ పూర్తిగానే తీసుకున్నారు కదా, తిరిగిచ్చేటప్పుడూ క్యాలెండర్ నెలలే లెక్క. రెండోది, “రెండో టర్ము అక్టోబరులోనే మొదలైంది, కాబట్టి ఆ టర్ము ఫీజు అయిపోయింది” అనడం. టర్ము మొదలవడం వేరు, టర్ము నడపడం వేరు.

మీరు వాయిదాల్లో కట్టేవాళ్లయితే లెక్క అటువైపు తిరగొచ్చు. జూన్ నుంచి అక్టోబరు దాకా 15,000 అయితే, మీరు కట్టింది 12,000 అయితే, 3,000 బాకీ మీదే. డిపాజిట్‌తో చెల్లుకి చెల్లు వేయించుకుని రాయించుకోండి.

5. ఇకముందు పోయే డబ్బు ఆపండి, ఈఎంఐని మాత్రం ఊరికే ఆపొద్దు

యూపీఐ ఆటోపే ఉంటే యాప్‌లో రద్దు చేయండి. ఖాతాలోంచి నెలనెలా కోసుకునే మాండేట్ అయితే బ్యాంకుకి రాసివ్వండి. ముందు తేదీల చెక్కులుంటే స్కూల్‌కి రాతపూర్వకంగా తిరిగివ్వమని అడిగి, ఆ తర్వాతే బ్యాంకులో స్టాప్ పేమెంట్ పెట్టండి. కారణం కాగితం మీద ముందే ఉండాలి.

“నెలకి ఇంతే కట్టండి, వడ్డీ లేదు” అని కొన్ని చోట్ల అడ్మిషన్ రోజే ఫోన్‌లో ఓటీపీలు చెప్పించుకుంటారు. అది స్కూల్‌కి కట్టే వాయిదా కాదు, మీ పేరున తీసిన లోన్. ఫైనాన్స్ కంపెనీ ఏడాది డబ్బూ స్కూల్‌కి ముందే ఇచ్చేసి ఉంటుంది. స్కూల్ మూతపడిందని మీరు ఈఎంఐ ఆపేస్తే మీ సిబిల్ స్కోరు పడిపోతుంది, రేపు ఇంటి లోన్‌కి వెళ్లినప్పుడు బయటపడుతుంది. ఫైనాన్స్ కంపెనీకి మెయిల్ పెట్టండి: స్కూల్ ఫలానా తేదీన మూతపడింది, మెసేజ్ జత చేశాం, అందని నెలల మొత్తాన్ని స్కూల్ నుంచి వెనక్కి తీసుకుని లోన్ తగ్గించండి అని. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది తృప్తిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి (ఇలాంటి ఫిర్యాదులు తేల్చే అధికారి) ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు, ఖర్చేం లేదు. వివరాలకి 14448. ఈలోపు ఈఎంఐలు కడుతూనే ఉండి, కట్టినవాటిని స్కూల్ నుంచి రావాల్సిన లెక్కలో కలుపుకోండి. కడుపు మండుతుంది, నిజమే. కట్టకపోతే ఇంకా నష్టం.

6. ఉత్తరం ఇవ్వండి

తెలుగులో రాస్తే చాలు. ఒక పేజీ దాటొద్దు. ఇలా:

“యజమాని / కరస్పాండెంట్ గారికి,
మా పాప (పేరు), నర్సరీ, అడ్మిషన్ నంబరు ___. ఈ విద్యాసంవత్సరానికి మొత్తం 45,000 రూపాయలు కట్టాము, రశీదులు జత చేశాము. అక్టోబరు 10న మీరు పంపిన మెసేజ్ ప్రకారం 31 తర్వాత స్కూల్ నడపరు. మూసే నిర్ణయం మీది కాబట్టి నోటీసు పీరియడ్ ఫీజు మాకు వర్తించదు. అందని కాలానికి, డిపాజిట్‌కి కలిపి మాకు రావాల్సింది 24,500 రూపాయలు, లెక్క కింద ఉంది. ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో కింది ఖాతాకి జమ చేయగలరు. లెక్కలో తేడా ఉందనుకుంటే మీ లెక్క రాతపూర్వకంగా ఇవ్వగలరు.”

రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద “అందింది” అని సంతకం, తేదీ, స్టాంపు వేయించుకోండి. సంతకం పెట్టకపోతే స్పీడ్ పోస్టులో పంపండి. 2025 నుంచి రిజిస్టర్డ్ పోస్టుని స్పీడ్ పోస్టులోనే కలిపేశారు, డెలివరీ రుజువు కావాలని కౌంటర్లో అడగండి. అదే ఉత్తరం ఫోటో వాట్సాప్‌లోనూ పెట్టండి.

ఈ ఉత్తరంలో తిట్లు, బెదిరింపులు, మనోవేదనకి లక్ష రూపాయలు లాంటివి రాయొద్దు. అవి రాస్తే అవతలివాళ్లు లాయరు దగ్గరికి పోతారు, మాటలు అక్కడితో ఆగిపోతాయి. అందరూ కలిసి వెళ్లండి, ఉత్తరాలు మాత్రం ఎవరివి వాళ్లే ఇవ్వండి. ఒక్కొక్కరి లెక్క ఒక్కోలా ఉంటుంది.

ఇంకో మాట, టీచర్ల మీద, ఆయమ్మల మీద అరవొద్దు. వాళ్లకీ ఆ నెల జీతం అందుతుందో లేదో తెలీదు. లోపల ఏం జరుగుతోందో మీకు చెప్పగలిగేదీ వాళ్లే.

7. వాళ్లు ఎదురు చెప్పేవి

“మూసేయట్లేదు, రేణిగుంట రోడ్డు బ్రాంచికి మారుస్తున్నాం.” బైరాగిపట్టెడలో ఇంటి పక్కనని చేర్చిన మూడేళ్ల బిడ్డని అంత దూరం పంపాల్సిన పని లేదు. ఇష్టమైతే, వ్యాన్ ఖర్చు ఎవరిదో, టీచర్లు వాళ్లేనో కాదో అడిగి ఒప్పుకోండి. ఇష్టం లేకపోతే “దూరం వల్ల కుదరదు, డబ్బే ఇవ్వండి” అని రాసివ్వండి.

“వచ్చే ఏడు యూకేజీ ఫీజులో సర్దుతాం.” మూతపడే సంస్థ ఇచ్చే క్రెడిట్ నోటు చిత్తు కాగితం. వద్దు.

“మూడు చెక్కులిస్తాం.” ఇది ఫర్వాలేదు. డబ్బు వెళ్లిన ఖాతా మీద చెక్కులే తీసుకోండి, దేనికోసమో వెనక రాయించుకోండి. మొదటిది వారంలో పడేలా చూడండి.

8. బిడ్డ కాగితాలు

ఒరిజినల్ జనన ధ్రువపత్రం ఇచ్చి ఉంటే డబ్బు మాట ఎత్తకముందే తెచ్చేసుకోండి. ఫీజు ఇచ్చేదాకా టీసీ ఇవ్వబోమని బెదిరించినా కంగారు పడొద్దు. ఒకటో తరగతికి వయసు రుజువు ముఖ్యం, అది లేదని కూడా సీటు నిరాకరించకూడదని 2009 విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్ చెబుతోంది. అయితే గుర్తింపు ఉన్న స్కూల్లో ఎల్‌కేజీ, యూకేజీ చదివి ఉంటే పిల్ల పేరు యూడైస్ ప్లస్‌లో (స్కూళ్లు, పిల్లల వివరాలుండే ప్రభుత్వ ఆన్‌లైన్ రికార్డు) ఎక్కి ఉండొచ్చు. పాత స్కూల్ ఆ పేరుని విడుదల చేస్తేనే కొత్త స్కూల్ తీసుకోగలదు. కంప్యూటర్ చూసే సిబ్బంది వెళ్లిపోకముందే చేయించుకోండి. తాళం పడ్డాక ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసు చుట్టూ తిరగాలి.

ఈ మధ్యలో బిడ్డ ఎక్కడుండాలన్నది స్విమ్స్ ఆసుపత్రిలోనో రుయాలోనో షిఫ్టు డ్యూటీ చేసే తల్లులకి అసలు సమస్య. వీధి అంగన్‌వాడీలో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకి పూర్వ ప్రాథమిక విద్య ఉచితం. మధ్యాహ్నం దాకానైనా ఆసరా.

9. 15 రోజులు దాటినా ఇవ్వకపోతే

ఈ వరసలో వెళ్లండి.

1915కి ఫోన్ చేయండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులో మాట్లాడొచ్చు. వాళ్లకి ఆదేశించే అధికారం లేదు, సంస్థకి మీ ఫిర్యాదు పంపి జవాబు అడుగుతారు. బ్రాండ్ హెడ్ ఆఫీసులకి ఇది బాగా పనిచేస్తుంది.

తర్వాత లోక్ అదాలత్. నా ఓటు దీనికే. కేసు వేయకముందే, ఫీజు లేకుండా, న్యాయసేవాధికార సంస్థలో అర్జీ ఇవ్వొచ్చు. చిత్తూరులోనైనా, తిరుపతి కోర్టు ప్రాంగణంలోనైనా అడగండి. ఫోన్ 15100. అవతలివాళ్లకి నోటీసు వెళ్తుంది. కుదిరిన రాజీకి కోర్టు డిక్రీతో సమాన విలువ, దాని మీద అప్పీలు లేదు. అర్జీ తల్లి పేరున వేయండి. ఆదాయంతో పని లేకుండా మహిళలకి ఉచిత లాయరు కూడా దొరుకుతారు. అవతలివాళ్లు రాకపోయినా, ఒప్పుకోకపోయినా ఇక్కడ తేలదు. అదొక్కటే లోటు.

ఆ పైన జిల్లా వినియోగదారుల కమిషన్. చిత్తూరులో ఒకటి, తిరుపతిలో ఒకటి ఉన్నాయి. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, రెండేళ్ల లోపు వేయాలి. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేయొచ్చు. ఒక ఇబ్బంది ముందే తెలుసుకోండి: 2020 జనవరిలో జాతీయ కమిషన్, కోచింగ్ సెంటర్లు తప్ప మిగతా విద్యాసంస్థలు వినియోగదారుల చట్టం కిందికి రావని చెప్పింది. అది పాత 1986 చట్టం మీద ఇచ్చిన తీర్పు, అయినా స్కూల్ తరఫు లాయరు మొదట తీసేది దాన్నే. అందుకే ఫిర్యాదులో చదువు నాణ్యత జోలికి పోకుండా, డే కేర్, డిపాజిట్, ఇవ్వని పుస్తకాలు, నడపని నెలలకి తీసుకున్న డబ్బు అని విడివిడిగా రాయండి.

సివిల్ కోర్టులో డబ్బు రాబట్టే దావాకి మూడేళ్ల గడువు ఉంది. ఇరవై వేలకి ఒక్కరే వెళ్లడం దండగ, పదిమంది ఒకే లాయరుని పెట్టుకుంటే ఆలోచించొచ్చు.

పోలీస్ స్టేషన్‌కి వెళ్తే “ఇది సివిల్ మ్యాటర్” అంటారు, చాలాసార్లు అది నిజం కూడా. మూసేయాలని ముందే నిర్ణయించుకుని, ఆ సంగతి దాచి, తగ్గింపు ఆశ చూపించి కొత్త అడ్మిషన్లు తీసుకున్నారన్న రుజువు ఉంటే మాత్రం మోసం కిందికి వస్తుంది (భారతీయ న్యాయ సంహిత 318). అప్పుడు అందరూ కలిసి ఒకే ఫిర్యాదు ఇవ్వండి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వడం కూడా గుంపుగా వెళ్తేనే పని చేస్తుంది.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

“ఏం కాదులే అక్కా, మేడం మంచిది, ఇస్తుంది” అని ఆగడం. మేడం మంచిదే కావచ్చు, ఖాతాలో డబ్బు ఉండొద్దూ? ముందు అడిగినవాళ్లకే ముందు వస్తుంది.

ఒరిజినల్ రశీదులు “వెరిఫికేషన్‌కి” ఇచ్చేయడం. జిరాక్సులే ఇవ్వండి.

డబ్బు పడకముందే “మొత్తం ముట్టింది, ఇక ఏ బాకీ లేదు” అన్న కాగితం మీద సంతకం పెట్టడం. కొంతే ఇస్తే “24,500లో 10,000 అందింది, మిగతాది రావాలి” అని రాసి సంతకం పెట్టండి.

గూగుల్ రివ్యూలో దొంగలు, మోసగాళ్లు అని రాయడం. జరిగింది, తేదీలు, అంకెలు రాస్తే తప్పులేదు. తిడితే పరువునష్టం నోటీసు మీకే వస్తుంది.

పని అయిందని ఎలా తెలుస్తుంది

చెక్కు చేతికొచ్చిన రోజు కాదు, ఖాతాలో పడి నిలిచిన రోజు. పడిన మొత్తాన్ని మీ లెక్కతో అంశాల వారీగా పోల్చుకోండి. ఆటోపే యాప్‌లో “రద్దయింది” అని కనపడాలి, వచ్చే నెల తేదీన కోత పడలేదని చూడాలి. ఈఎంఐ ఉన్నవాళ్లు లోన్ ముగిసినట్టు కంపెనీ ఇచ్చే లెటర్ తీసుకుని, రెండు మూడు నెలలయ్యాక సిబిల్ రిపోర్టులో ఆ లోన్ మూసినట్టు ఉందా అని ఒకసారి చూసుకోండి. పిల్ల పేరు కొత్త స్కూల్ యూడైస్‌లో వచ్చిందని అక్కడి క్లర్క్‌ని అడిగితే స్క్రీన్ చూపిస్తారు.

కొత్తచోట చేర్చేటప్పుడు ఏడాది ఫీజు ఒకేసారి కడితే తగ్గింపు అంటారు. నెలనెలా, కుదరకపోతే టర్ము వారీగా కట్టండి. ఫారం మీద సంతకానికి ముందు “స్కూల్ మూసినా, వేరేచోటికి మార్చినా మిగిలిన నెలల ఫీజు, డిపాజిట్ 15 రోజుల్లో తిరిగిస్తాం” అని పెన్నుతో రాయించి, దాని పక్కన కరస్పాండెంట్ చేత సంతకం పెట్టించండి.